అందము డబ్బాలో దొరకునా?
ఎమినో ఆమ్లముల ప్రచారముపై ఒక విమర్శ

ఎమినో ఆమ్లములను గూర్చి పాఠశాలలో విద్యార్థి నేర్చుకొనునది కొద్ది. మాంసకృత్తులు వానితో నిర్మితములైనవనియు, వానిలో కొన్ని ఆహారము ద్వారానే లభింపవలెననియు ఒక పుటలో చెప్పి పాఠ్యపుస్తకము ముందునకు సాగిపోవును. కాని ఆ విద్యార్థి వీధిలోనికి వచ్చినంతనే అదే పేరు నలుదెసల వినబడును. మందుల దుకాణములో కొల్లాజెన్ పొడి, అంగడిలో కెరాటిన్ షాంపూ, వ్యాయామశాలలో ల్యూసిన్ కలిపిన చూర్ణము, సౌందర్యశాలలో గ్లూటాథయోన్ సూదిమందు. చర్మము నిగనిగలాడుననియు, జుట్టు ఒత్తుగా పెరుగుననియు, మేనిఛాయ మారుననియు, కండలు పొంగుననియు ఇవి అన్నియు వాగ్దానము చేయుచున్నవి. ఈ వాగ్దానములకు రసాయనశాస్త్రమే పూచీ అన్నట్లు డబ్బాలపై అణువుల బొమ్మలు కూడ ముద్రింపబడుచున్నవి.

ఈ ప్రచారమునంతను కేవలము అబద్ధమని త్రోసిపుచ్చుటకు వీలులేదు. వీలైనచో విమర్శ సులభమయ్యెడిది. ఇందలి మొదటి వాక్యము సాధారణముగా సత్యమే. చర్మములో కొల్లాజెన్ కలదు, సత్యము. వయస్సు మీరినకొలది అది క్షీణించును, ఇదియు సత్యమే. ‘కావున కొల్లాజెన్ తినవలెను’ అనునది మూడవ వాక్యము. మొదటి రెండు వాక్యముల గౌరవము మూడవదానికి దొంగచాటుగా సంక్రమించుచున్నది. పరీక్షింపవలసినది ఈ ‘కావున’ అను చిన్న మాటను.

పూసలు, దండ

ఎమినో ఆమ్లములను పూసలతోను, మాంసకృత్తును పూసల దండతోను పోల్చవచ్చును. మానవ శరీరములోని మాంసకృత్తుల నిర్మాణమునకు ప్రధానముగా ఉపయోగపడు పూసలు ఇరువది రకములు. ఏ పూస తరువాత ఏ పూస రావలెనో నిర్ణయించునది జీవకణములోని జన్యువు. తినిన మాంసకృత్తు జీర్ణకోశములో పెప్సిన్, ట్రిప్సిన్ మొదలగు ఎంజైముల చేతికి చిక్కి తెగిపోవును. చాల భాగము విడి పూసలుగాను, కొంత రెండు మూడు పూసల తునుకలుగాను ప్రేగుల గోడను దాటి రక్తములో చేరును. ఈ పూసలు కోడిగ్రుడ్డునుండి వచ్చినవా, కందిపప్పునుండి వచ్చినవా, చేపతోలునుండి వచ్చినవా అనునది వానిపై వ్రాసి ఉండదు. శరీరము వానిని తన అవసరమును బట్టి కాలేయములోనో, కండరములోనో, రక్తకణములలోనో వాడుకొనును. మిగిలినచో ఇంధనముగా మండించి, నత్రజనిని యూరియాగా బయటికి పంపును.

ఈ విషయము ఊహ కాదు. 1930–40 మధ్య కాలములో రుడోల్ఫ్ షోన్‌హైమర్ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయములో భారనత్రజనితో గుర్తుపెట్టిన ఎమినో ఆమ్లములను ఎలుకలకు తినిపించి, ఆ గుర్తు ఎచ్చట తేలునో పరిశీలించెను. ఎదుగుదల ఆగిన ఎలుకలలో కూడ ఆ నత్రజని శరీరమంతట మాంసకృత్తులలో కనుపించినది. అనగా శరీరము ఒకమారు కట్టి విడిచిన భవనము కాదు. నిత్యము కూలుచు, నిత్యము లేచుచున్న కట్టడము. యుక్తవయస్కుని దేహములో దినమునకు సుమారు 250 నుండి 300 గ్రాముల మాంసకృత్తులు క్రొత్తగా తయారగుచున్నవి. ఆహారములో వచ్చునది అందులో ఐదవ వంతో, నాలుగవ వంతో. మిగిలినదంతయు పాత దండలు తెగగా వచ్చిన పూసలే. ఇంత పెద్ద వ్యవహారములో ఒక చెంచాడు కొల్లాజెన్ పొడి సరాసరి ముఖచర్మమునకే పోయి చేరునని చెప్పుట, కృష్ణలో పోసిన చెంబెడు నీళ్ళు ఫలానావారి పొలమునకే పారునని చెప్పుట వంటిది.

పారిస్ నగరపు ఎముకల రసము

నేడు కొల్లాజెన్ అని అమ్మబడునది క్రొత్త పదార్థము కాదు. జంతువుల తోళ్ళను, ఎముకలను నీటిలో ఉడికించినచో వచ్చు జిగురే జెలటిన్. అది విచ్ఛిన్నమైన కొల్లాజెన్. దానిని ఎంజైములతో ఇంకను చిన్న తునుకలుగా చేసి ఎండబెట్టినదే నేటి పొడి. కావున నేటి వివాదము ఇదివరకొకమారు నడచినది. తీర్పు కూడ వెలువడినది.

ఫ్రెంచి విప్లవము తరువాత పారిస్ నగరములో బీదలకు చవుకగా ఆహారము సమకూర్చుట ప్రభుత్వమునకు పెద్ద సమస్య అయ్యెను. పారవేయుచున్న ఎముకలనుండి జెలటిన్ తీసి రసము కాచి పోసినచో మాంసమునకు బదులు చాలునని రసాయనవేత్త జాన్ పియరీ జోసెఫ్ దార్సె వాదించెను. ఉద్దేశము మంచిది. ఆసుపత్రులలో రోగులకు ఆ రసమును పోయసాగిరి. జెలటిన్‌లో నత్రజని కలదు. మాంసములోను నత్రజని కలదు. కావున జెలటిన్ మాంసముతో సమానము. ఇదియే ఆనాటి తర్కము. ఇచ్చటను అదే ‘కావున’! రోగులు ఆ రసమును మెచ్చలేదు, ఫిర్యాదులు పెరిగినవి. చివరకు ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఒక సంఘమును నియమించెను. శరీరధర్మశాస్త్రవేత్త ఫ్రాన్స్వా మజాందీ దానికి ముఖ్యుడు.

మజాందీ ఏండ్ల తరబడి కుక్కలపై ప్రయోగములు సాగించి 1841లో నివేదిక సమర్పించెను. జెలటిన్ మాత్రమే పెట్టిన కుక్కలు చిక్కి శల్యమై మరణించినవి. కొన్ని దానిని ముట్టుటకే నిరాకరించినవి. ఆ నివేదికలో ఒక నిజాయితీ కూడ కలదు. శుద్ధిచేసిన ఇతర మాంసకృత్తులు కొన్ని కూడ ఒంటరిగా కుక్కలను పోషింపలేకపోయినవని మజాందీ దాచక చెప్పెను. ఎందువలన అను ప్రశ్నకు ఆనాడు సమాధానము లేదు. విటమినులనునవి కలవని గాని, ఎమినో ఆమ్లములలో తరతమ భేదములు గలవని గాని ఎవరికిని తెలియదు.

సమాధానము అరువది ఏండ్లకు పైగా గడచిన పిమ్మట మెల్లమెల్లగా వచ్చినది. 1901లో హాప్కిన్స్, కోల్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు ట్రిప్టోఫాన్ అను ఎమినో ఆమ్లమును వేరుచేసిరి. 1906లో విల్కాక్, హాప్కిన్స్ మొక్కజొన్నలోని జేయిన్ అను మాంసకృత్తును మాత్రమే మాంసకృత్తుగా చుంచుల ఆహారములో ఉంచగా అవి త్వరలోనే చనిపోయినవి. దానికి ట్రిప్టోఫాన్ కలుపగా ఎక్కువ కాలము జీవించినవి. జేయిన్‌లో ట్రిప్టోఫాన్ లేదు. జెలటిన్‌లోను లేదు. తరువాత అమెరికాలో ఆస్‌బర్న్, మెండెల్ చేసిన ఎలుకల ప్రయోగములు ట్రిప్టోఫాన్, లైసీన్ రెండును కలిపినచో జేయిన్ తిను పిల్ల ఎలుకలు పెరుగునని నిరూపించినవి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో విలియం రోజ్ 1935లో థ్రియోనిన్‌ను కనుగొని, ఆ తరువాత విద్యార్థులనే ప్రయోగమునకు ఒప్పించి, మానవునకు ఆహారమున తప్పనిసరియైన ఎమినో ఆమ్లములు ఎనిమిదియని తేల్చెను. పిమ్మటి పరిశోధనలలో హిస్టిడిన్ కూడ చేరి అవి తొమ్మిదైనవి.

ఈ తొమ్మిదింటిలో ట్రిప్టోఫాన్ కొల్లాజెన్‌లో బొత్తిగా లేదు. కావున మాంసకృత్తుల నాణ్యతను కొలచు నేటి పద్ధతిలో, దానిని మాత్రమే తిన్నచో, కొల్లాజెన్‌కు వచ్చు మార్కు సున్న. కందిపప్పునకు దానికంటె ఎంతో పెద్ద మార్కు వచ్చును. అయినను ఒకటి గిన్నెలో ఉడుకుచున్నందున సామాన్యమైనది; రెండవది డబ్బాలో ఉన్నందున దివ్యౌషధము. పేరు గొప్ప ఊరు దిబ్బ అనుట ఇట్టివానికే చెల్లును.

మూడు పేటల త్రాడు

కొల్లాజెన్ గొప్పదనము దాని పోషకత్వములో లేదు. దాని నిర్మాణములో కలదు. ఆ నిర్మాణమును విప్పి చెప్పినవారిలో అగ్రగణ్యులు మద్రాసు విశ్వవిద్యాలయమున పనిచేసిన జి. ఎన్. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా. కాంగరూ తోకలోని స్నాయువును ఎక్స్‌కిరణములతో పరీక్షించి, కొల్లాజెన్ మూడు పేటలు పెనవేసిన త్రాడు వంటిదని వారు 1954లో ప్రతిపాదించిరి. ప్రతి పేటలోను ప్రతి మూడవ పూస గ్లైసీన్. ఎమినో ఆమ్లములన్నింటిలోను అది అతిచిన్నది. మూడు పేటలు కలియు ఇరుకు చోటున పట్టగలిగినది అదొక్కటే. మిగిలిన స్థానములలో ప్రోలీన్, హైడ్రాక్సీప్రోలీన్ అధికముగా ఉండి పేటకు బిగువు నిచ్చుచున్నవి.

హైడ్రాక్సీప్రోలీన్ సంగతి విద్యార్థులు శ్రద్ధగా గమనింపదగినది. ఈ పూసకు జన్యులిపిలో అక్షరము లేదు. మొదట ప్రోలీన్ దండలో గ్రుచ్చబడును. ఆ పిమ్మట ఒక ఎంజైము అచ్చటనే దానికి ఆమ్లజని, ఉదజనుల జంటను తగిలించి హైడ్రాక్సీప్రోలీన్‌గా మార్చును. ఆ ఎంజైము సరిగా పనిచేయవలెనన్న విటమిన్ ‘సి’ కావలెను. అది లోపించినచో త్రాడు బిగియదు. చిగుళ్ళనుండి నెత్తురు కారును, మానిన గాయములు మరల విచ్చుకొనును. ఇదియే పూర్వము నావికులను హతమార్చిన స్కర్వీ వ్యాధి. 1747లో జేమ్స్ లిండ్ నారింజలతోను నిమ్మకాయలతోను ఈ వ్యాధిని కుదిర్చినపుడు, తెలియకయే ఆయన కొల్లాజెన్‌కు చికిత్స చేసినాడు.

మరి తినిన హైడ్రాక్సీప్రోలీన్ ఏమగును? 1949లో మార్జరీ స్టెటెన్ గుర్తుపెట్టిన హైడ్రాక్సీప్రోలీన్‌ను ఎలుకలకు పెట్టి చూచెను. అది కొల్లాజెన్‌లో చెప్పుకోదగినంతగా చేరలేదు. గుర్తుపెట్టిన ప్రోలీన్ మాత్రము చేరినది. అనగా డబ్బాపై ప్రత్యేకముగా ప్రకటింపబడుచున్న ఆ ఎమినో ఆమ్లమును శరీరము కొల్లాజెన్ కట్టుటకు పూసగా వాడుకొనదు. తనకు కావలసినది తానే చేసికొనును. ఆ చేతపనికి ఒక ఉసిరికాయయో, జామపండో ఇచ్చు సాయము వేల రూపాయల పొడి ఇచ్చు సాయముకంటె స్పష్టముగా నిరూపితమైనది.

విమర్శ న్యాయముగా ఉండవలెనన్న ఎదుటి పక్షపు సాక్ష్యమును కూడ వినవలెను. కొల్లాజెన్ తునుకలలో కొన్ని, ముఖ్యముగా ప్రోలీన్–హైడ్రాక్సీప్రోలీన్ జంట, తెగిపోకుండ రక్తములో కొంతసేపు కనుపించునని జపాను శాస్త్రజ్ఞులు చూపిరి. ఇవి పూసలుగా కాక, చర్మకణములను మేల్కొలుపు సంకేతములుగా పనిచేయవచ్చునని ఒక వాదము కలదు. చర్మపు తేమ, సాగుగుణము కొంత మెరుగైనవని చెప్పిన ప్రయోగములును ఉన్నవి. అయితే 2025లో ప్రకటింపబడిన ఒక సమీక్షలో ఇట్టి 23 ప్రయోగములను కలిపి తూచి చూచిరి. అన్నింటిని కలిపినపుడు మేలు కనుపించినది. కంపెనీల ధనసహాయము లేని ప్రయోగములను వేరుచేసి చూడగా ఆ మేలు కనుపించలేదు. నాణ్యతగల ప్రయోగములను వేరుచేసినపుడును అంతే. తీర్పు చెప్పువాని జీతము ఒక పక్షమువారే ఇచ్చుచున్నపుడు తీర్పును ఎట్లు చదువవలెనో ఈ ఒక్క ఉదాహరణము నేర్పును.

వెండ్రుక చెప్పు కథ

చర్మముపై ఉన్న వెండ్రుక నిర్జీవమైన పోగు. జీవము ఉన్నది దాని మూలములో మాత్రమే. అచ్చట కణములు గంధకముగల సిస్టీన్‌ను విస్తారముగా వాడి కెరాటిన్ అను మాంసకృత్తును తయారుచేయుచున్నవి. వెండ్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. బయటికి వచ్చిన పోగునకు రక్తప్రసారము లేదు; ఆహారము తిను శక్తియు లేదు. కావున ‘జుట్టునకు పోషణ’ అను మాట షాంపూ సీసాపై చెల్లదు. షాంపూలోని మాంసకృత్తుల తునుకలు పోగుల పైపొరకు అంటుకొని నునుపును, మెరుపును ఇవ్వగలవు. మరల తలంటుకొనగానే పోవును. ఆ మేరకు చెప్పినచో ఆక్షేపణ లేదు. గ్లుటామిక్ ఆమ్లముతో చేయబడిన కొన్ని నురుగు పదార్థములు సబ్బుకంటె మృదువుగా శుభ్రపరచుననుటయు నిజమే. చర్మపు పైపొరలో తేమను నిలుపు సహజ పదార్థములలో విడి ఎమినో ఆమ్లముల పాలు ఎక్కువ. కావున పూతలలో అవి కొంత పనిచేయును. కాని అంతకంటె చవుకైన గ్లిసరిన్ కూడ ఆ తేమపనిని చక్కగా నిర్వహించును.

‘కెరాటిన్ చికిత్స’ అను పేర జుట్టును సాపుచేయు పద్ధతి మాత్రము నవ్వి ఊరకుండదగినది కాదు. అందులో పెక్కింటియందు పనిచేయునది కెరాటిన్ కాదు, వేడికి వెలువడు ఫార్మాల్డిహైడ్. జీవశాస్త్ర ప్రయోగశాలలలో కప్పలను నిలువచేయు ద్రావణములోనిది అదే. అది కన్నులను, శ్వాసకోశమును మండించును. క్యాన్సర్ కారకముల జాబితాలో చేరినది. కొనువారికంటె దినమంతయు ఆ గాలిని పీల్చుచు పనిచేయు సౌందర్యశాలల యువతులకే దాని వలన ప్రమాదమెక్కువ.

ఆహారమునకును వెండ్రుకకును గల నిజమైన సంబంధమును చూడగోరువారు ప్రకటనలను కాక వైద్యచరిత్రను చూడవలెను. ఆఫ్రికాలో నేటి ఘనా ప్రాంతమున పనిచేసిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్ 1930 తరువాతి ఏండ్లలో క్వాషియోర్కర్ వ్యాధిని వర్ణించిరి. తల్లిపాలు మాని గంజి మాత్రమే త్రాగు పసిపిల్లలకు కాళ్ళు వాచును, చర్మము పెచ్చులూడును, నల్లని జుట్టు ఎఱ్ఱబారి పలుచనగును. బిడ్డ కొంతకాలము బాగుగా తిని, కొంతకాలము పస్తుండినచో వెండ్రుకలో నల్లని పట్టీ, వెలిసిన పట్టీ ఒకదాని తరువాత నొకటి ఏర్పడును. ఆ పట్టీలు ఆ ఇంటి కరవు చరిత్రను వ్రాసి పెట్టిన లిపి. ఎమినో ఆమ్లములకు అందముతో గల సంబంధము అచ్చట ఉన్నది. ఆ బిడ్డకు కావలసినది షాంపూ కాదు.

ఈ వ్యాధి విషయమున విజ్ఞానశాస్త్రము కూడ ఒకమారు తొందరపడినది. లోపము మాంసకృత్తులదే కావున మాంసకృత్తుల పొడులు పంచినచో ప్రపంచపు ఆకలి తీరునని 1950–70 మధ్య అంతర్జాతీయ సంస్థలు గట్టిగా నమ్మినవి. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయములో సి. గోపాలన్, ఆయన సహచరులు పిల్లల ఆహారమును కొలచి చూడగా, వాపువ్యాధి వచ్చిన పిల్లల తిండికిని, ఎండుకుపోయిన పిల్లల తిండికిని మాంసకృత్తుల పాళ్ళలో భేదము కానరాలేదు. ఇరువురికిని మొత్తము తిండియే చాలుట లేదు. అన్నము చాలనపుడు శరీరము మాంసకృత్తును పొయ్యిలో కట్టెవలె మండించుకొనును. 1974లో డొనాల్డ్ మెక్లారెన్ ‘లాన్సెట్’ పత్రికలో ఈ మాంసకృత్తుల మోజును గొప్ప వైఫల్యమని తీవ్రముగా ఖండించెను. నాటి పొరపాటు దయతో చేసినది. నేటిది వ్యాపారము.

ఛాయ, భ్రమ

చర్మపు రంగునకు కారణమైన మెలనిన్ టైరోసిన్ అను ఎమినో ఆమ్లమునుండి పుట్టును. ఈ మార్గమును మందగింపజేసి శరీరమును తెల్లబరచునని గ్లూటాథయోన్‌ను మాత్రలుగాను, సూదులుగాను ఎక్కించుచున్నారు. గ్లుటామిక్ ఆమ్లము, సిస్టీన్, గ్లైసీన్ అను మూడు పూసల తునుక ఇది. జీవకణములలో విషపదార్థములను అణచు గొప్ప పని దీనిది. కాలేయము దీనిని తానే చేసికొనును. మేనిఛాయకై రక్తనాళములోనికి ఎక్కించుటను గూర్చి ఫిలిప్పీన్స్ దేశపు ఆహార, ఔషధ పర్యవేక్షక సంస్థ 2011లోనే హెచ్చరించినది. తీవ్రమైన చర్మవ్యాధులు, మూత్రపిండములకును థైరాయిడ్ గ్రంథికిని హాని కలుగవచ్చునని చెప్పినది.

తెల్లదనమే ఆరోగ్యమను భ్రమకు రసాయనశాస్త్రమే ఒక కఠినమైన సమాధానము నిచ్చును. 1934లో నార్వే దేశములో అస్‌బ్యోర్న్ ఫోలింగ్ కనుగొనిన ఫినైల్‌కీటోన్యూరియా అను పుట్టువ్యాధిలో, ఫినైల్‌అలనిన్‌ను టైరోసిన్‌గా మార్చు ఎంజైము లోపించును. మెలనిన్ తగ్గి ఆ బిడ్డ తల్లిదండ్రులకంటె తెల్లగా కనుపించును. కాని సకాలములో ఆహారనియమము పాటింపనిచో ఆ బిడ్డ మెదడు ఎదుగదు. ఆ తెలుపు అందము కాదు, ఆపదకు గుర్తు. ఎండ మెండుగా ఉన్న దేశములో మెలనిన్ శరీరము తనకు తాను పట్టుకొన్న గొడుగు. ఆ గొడుగును చింపుటకు డబ్బిచ్చుచున్నవారిలో హైస్కూలు బాలికలు కూడ ఉండుట విచారింపదగిన విషయము.

విడి ఆమ్లములు, విపరీతములు

ఆహారములో ఉన్నదే కదా, విడిగా ఎక్కువ తిన్న తప్పేమి అను ప్రశ్న సహజము. పూసల మధ్య సమతౌల్యమనునది ఒకటి కలదు. శరీరము ట్రిప్టోఫాన్‌లో కొంత భాగమును నియాసిన్ అను విటమినుగా మార్చుకొనును. సుమారు 60 మిల్లీగ్రాములకు ఒక మిల్లీగ్రాము వంతున. దక్కను పీఠభూమిలో జొన్న ప్రధానాహారముగా గల పేదలలో పెల్లాగ్రా వ్యాధి కనుపించుచుండెడిది. ఎండ తగిలిన మెడ, ముంజేతులు నల్లబడి పగులును. విరేచనములు, మతిభ్రమ తరువాతి దశలు. జొన్నలో ల్యూసిన్ అధికముగా ఉండుటయే దీనికి మూలమని 1960లో గోపాలన్, శ్రీకాంతయ్య వాదించిరి. అందరును ఆ సిద్ధాంతమును పూర్తిగా అంగీకరింపలేదు. అయినను ఒక ఎమినో ఆమ్లము మితిమీరినచో మరొకదాని దారి చెడునేమో యను ప్రశ్నను వారు లేవనెత్తిరి. ఆ ల్యూసిన్‌నే నేడు కండలకై చెంచాల లెక్కన విడిగా మ్రింగుచున్నారు.

విడి ఆమ్లము వలన జరిగిన మహావిపత్తు 1989లో అమెరికాలో చూడబడినది. నిద్రకై ట్రిప్టోఫాన్ మాత్రలు మ్రింగిన 1,500 మందికి పైగా జనులు భరింపరాని కండరముల నొప్పులతో మంచము పట్టిరి. ముప్పది మందికి పైగా మరణించిరి. చాల భాగము ఒకే తయారీదారుని సరుకునకు, అందలి కల్మషములకు సంబంధించినదని విచారణలో తేలినది. పప్పులోను, పాలలోను ఉన్న ట్రిప్టోఫాన్ ఎవరినీ చంపలేదు. కర్మాగారములో తయారై, ఔషధములకుండు కట్టుదిట్టములు లేక, ఆహారమను పేరుతో అమ్ముడుపోయినది చంపినది.

డబ్బాపై అంకెలు చూచి నమ్ముటకు కూడ మితము ఉండవలెను. మాంసకృత్తుల శాతమును లెక్కించు సాధారణ పద్ధతి నత్రజనిని మాత్రమే కొలచును. 2008లో చైనాలో పాలపొడిలో నత్రజని ఎక్కువగా గల మెలమిన్ అను రసాయనమును కలిపి ఈ పరీక్షను మోసగించిరి. దాదాపు మూడు లక్షల పసివారు జబ్బుపడిరి, ఆరుగురు మరణించిరి. దార్సె చేసిన పొరపాటు నత్రజనిని ఆహారమని భ్రమించుట. మెలమిన్ కలిపినవారు ఆ పొరపాటునే ఉపాయముగా మార్చుకొనిరి.

పాఠ్యపుస్తకముల పాలు

ఇంత ప్రచారము సాగుటకు పాఠ్యపుస్తకములు కూడ కొంత కారణము. ఎమినో ఆమ్లములను ‘ఆవశ్యకములు’, ‘అనావశ్యకములు’ అని రెండుగా విభజించి ఊరకుందురు. అనావశ్యకములనగా అక్కరలేనివని విద్యార్థి అనుకొనును. వాస్తవమునకు కొల్లాజెన్‌లో మూడవ వంతు ఆక్రమించిన గ్లైసీన్ ఈ రెండవ జాబితాలోనిదే. శరీరము స్వయముగా చేసికొనగలదు కావున ఆహారములో తప్పనిసరి కాదు అని మాత్రమే ఆ మాటకు అర్థము. రోగములోను, బాల్యములోను ఆర్జినిన్, సిస్టీన్, గ్లుటమిన్ వంటివి శరీరము చేసికొనినవి చాలకపోవచ్చును. అప్పుడు అవియు ఆవశ్యకములగును. ‘ఆహారమున తప్పనిసరియైనవి’, ‘శరీరము చేసికొనునవి’ అని పేర్లు పెట్టినచో సగము భ్రమ తొలగును.

రెండవ లోపము, పట్టిక ఇచ్చి పళ్ళెము చూపకపోవుట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కప్రకారము ఆరోగ్యవంతుడైన పెద్దవానికి శరీరబరువు కిలోగ్రాము ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలును. 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు. 300 గ్రాముల బియ్యములో సుమారు 22, 75 గ్రాముల కందిపప్పులో సుమారు 16, పావులీటరు పాలలోనో పెరుగులోనో 8 గ్రాములు కలవు. మొత్తము 46. నాణ్యత మాటేమి? బియ్యపు మాంసకృత్తులలో గ్రామునకు లైసీన్ సుమారు 36 మిల్లీగ్రాములు, కావలసినది 45. ఇది కొరత. కందిపప్పులో అది 60కి పైబడి యుండును. పప్పులో తగ్గిన గంధకపు ఎమినో ఆమ్లములు బియ్యములో పుష్కలము. రెండును కలిసినపుడు సగటు 45 దాటును. పప్పన్నము, పొంగలి, ఇడ్డెన, పెసరట్టుప్మా వంటివి ఏ ఎమినో ఆమ్లము పేరును ఎరుగని గృహిణులు తరతరములుగా నిలిపిన సూత్రములు. ఈ సూత్రము చెడుచున్నది ఎచ్చట? పప్పు ధర పెరిగి, చారునీళ్ళతో అన్నము ముగియు ఇండ్లలో. మేలైన విమర్శ ఆ వంకకు దృష్టి మరల్పవలెను. ఒక డబ్బా కొల్లాజెన్ ఖరీదునకు ఆ ఇంటికి ఎంతో పప్పు వచ్చును. కండలకై మాంసకృత్తుల పొడులు వాడవద్దని అదే సంస్థ 2024 నాటి ఆహార మార్గదర్శకములలో స్పష్టముగా చెప్పినది.

తరగతిగదిలో

ఈ విషయమును ఉపన్యాసముగా కంటె పరీక్షగా చూపుట మేలు. పప్పుకట్టును, జెలటిన్ ద్రావణమును రెండు పరీక్షనాళికలలో తీసికొని బైయూరెట్ పరీక్ష చేసినచో రెండును ఊదారంగు నిచ్చును. ‘రెండును మాంసకృత్తులే కదా’ అని విద్యార్థులందురు. కళాశాల ప్రయోగశాల అందుబాటులో ఉన్నచో అధ్యాపకుడే స్వయముగా హాప్కిన్స్–కోల్ పరీక్ష చేసి చూపవలెను. గాఢ గంధకికామ్లముతో పని కావున విద్యార్థుల చేతికి ఈయరాదు. ట్రిప్టోఫాన్ ఉన్న గ్రుడ్డు తెల్లసొన ద్రావణములో రెండు ద్రవములు కలియుచోట ఊదా వలయము ఏర్పడును. శుద్ధమైన జెలటిన్‌లో ఏర్పడదు. పారిస్ కుక్కలు ఎందుకు మరణించినవో ఆ లేని వలయము చూపును.

ఆ పిమ్మట ఒక ప్రకటనను నల్లబల్లపై వ్రాసి, అందలి వాక్యములను ఒక్కొక్కటిగా విడదీయింపవచ్చును. ఏ వాక్యము నిరూపితము? ఏది సగము నిజము? ‘కావున’ అను మాట ఎచ్చట దాగియున్నది? ప్రయోగము ఎవరిపై, ఎందరిపై, ఎవరి డబ్బుతో జరిగినది? అదే మేలు ఇంటి వంటలో ఎంతకు దొరకును? ఈ ప్రశ్నలు అడుగ నేర్చిన బాలిక రేపు దుకాణములో డబ్బాను తిరుగవేసి వెనుకవైపు చదువును. చదివి, అక్కరలేదనుకొన్నచో తిరిగి అరలో పెట్టును. పిండి కొద్దీ రొట్టె యన్నట్లు, శరీరము తనకు దొరకిన తిండిని బట్టి తన చర్మమును, జుట్టును, కండను తానే కట్టుకొనును. ఆ తిండి ప్రతి బిడ్డ పళ్ళెములోను చాలినంత ఉన్నదా అనునదే ఎమినో ఆమ్లములను గూర్చి అడుగవలసిన మొదటి ప్రశ్న.